రెండో ముద్ద

ఆవిడ పేరు నాకిప్పటికీ తెలియదు. ఈ పరాయి దేశంలో, పాపకూర అనే ఊళ్లో రైలెక్కితే పక్క సీటులో నా ఈడు మనిషి, ఒళ్లో గిన్నె పెట్టుకుని కూర్చుంది. మూత సందులోంచి నువ్వులన్నం వాసన. ఆవిడది కంబోడియా. ఇద్దరివీ ముక్కల ఇంగ్లీషే కాబట్టి మాట తొందరగా కలిసింది.

"ఈ రోజు మాకు చనిపోయినవాళ్లకు అన్నం పెట్టే అమావాస్య," అంది.

"అయ్యో, మాకూ ఇయ్యాలే పెత్రమాస!" అన్నాను.

మూత తీసి చూపించింది. రెండు ముద్దలున్నాయి. ఒకటి తమ్ముడికట. వాళ్ల దేశంలో లక్షలమందిని చంపిన రోజుల్లో అతన్నీ జైల్లో పెట్టి చంపేశారట. ఇప్పుడా జైలును స్మారకం చేశారు. పోయినేడు చూడ్డానికి పోతే ఒక గోడ మీద తమ్ముడి ఫోటో, ఇంకో గదిలో అతన్ని కొట్టిన కాపలావాడి ఫోటో కనిపించాయట. వాడూ ఎప్పుడో పోయాడట.

"రెండోది వాడికి," అంది.

నాకు ఒళ్లు మండింది. "వానికెందుకక్కా పెట్టుడు? మాఫ్ చేసినవా?"

"ఏమో చెల్లీ. వాడికి పెట్టేవాళ్లు ఉన్నారో లేరో. ఆకలితో తిరుగుతున్నాడేమోనని నిద్ర పట్టడం లేదు. పెడితే మా తమ్ముడు ఏమనుకుంటాడోనని భయం."

ఆవిడ స్టేషన్ వచ్చింది. లేచి నా వైపు చూసింది. నేనూ దిగాను.

స్టేషన్ దగ్గరి బుద్ధుడి గుడికి పోయాం. అక్కడ తమ్ముడి ముద్ద పెట్టేసింది. రెండోది తీసుకుంది గానీ చెయ్యి కిందికి రాలేదు. నా అరచేయి ఆమె చేతి కింద పెట్టాను. ఇద్దరం కలిసి వంగి, తమ్ముడి ముద్దకు కొంచెం ఎడంగా దాన్ని పెట్టాం.