కిందికి పంపిన అక్షింతలు

మా వదిన నేత్రావతికి కోపం వస్తే అరవదు. కొట్టులో కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరుతుంది. నా పెళ్ళయిన మర్నాడు మొదలుపెట్టి ఏడాదంతా ఏరుతూనే ఉంది. అంత శుభ్రమైన కందిపప్పు ఆ ఏడాది మా కేజీఎఫ్ రాబర్ట్‌సన్‌పేట బజారులో ఇంకెక్కడా దొరకలేదు.

వదిన అంటే నా భర్త గిరీశ్‌కి అక్క. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. చక్రాల కుర్చీలోనే తిరుగుతుంది. తండ్రి పోయాక పప్పుల కొట్టు నడిపింది ఆమే, తమ్ముణ్ణి చదివించింది ఆమే, నన్ను చూసి "కావేరే మన పిల్ల" అని తేల్చిందీ ఆమే. మా ఇళ్ళలో తాళికి రెండు ముళ్ళు పెళ్ళికొడుకు వేస్తే మూడోది అతని అక్కచెల్లెళ్ళలో ఒకరు వేయాలి. ఆ ఒక్క ముడి కోసం వదిన ఆకుపచ్చ పట్టుచీర కొనుక్కుంది.

మా కులం వాళ్ళ కల్యాణ మంటపంలో భోజనాలు కింద, పెళ్ళి మేడ మీద. మెట్లు తప్ప దారి లేదు. తనను ఎవరైనా మోయడమంటే వదినకు చచ్చేంత సిగ్గు. అయినా ఆ రోజు, "నా తమ్ముడి పెండ్లి, మూట మాదిరి మోసినా పరవాలేదు, ఎత్తండ్రా" అంది. నలుగురు కుర్చీ పట్టుకున్నారు కూడా. ఇంతలో మైకు గరగరలాడింది.

మంటపం కమిటీ అధ్యక్షుడు చెన్నకేశవ శెట్టి, నగల వ్యాపారి. ఆయనకు బంగారం కంటే మైకు ముద్దు. పెళ్ళి ఎవరిదైనా మైకు ఆయనది.

"మెట్ల కాడ ఏం చేస్తా ఉండారప్పా? పైకి రాండి. ఆ కుంటిదాని కోసం ముహూర్తం ఆగుతాదా? కిందనే ఉండనీండి, అక్షింతలు కిందికి పంపిస్తాం!"

జనం నవ్వారు. కుర్చీ పట్టుకున్న చేతులు వదిలేశాయి. వదిన బదులు మూడో ముడి వేయమని శెట్టి తన కూతురు చంద్రికను ముందుకు తోశాడు. తల వంచుకుని కూర్చున్న నాకు వెనక వేస్తున్నది ఎవరి చెయ్యో కనిపించలేదు. కింద చెప్పుల స్టాండు పక్కన వదిన గట్టిమేళం విని ముడి పడిందని తెలుసుకుంది.

పదహారు రోజుల పండుగకు పసుపుతాడు మార్చాలి. నేను మార్చనన్నాను. "మారిస్తే ఆ మంటపంలోనే, ఆ మేడ మీదనే. మూడో ముడి వదినే వేయాల." మా అత్త విశాలమ్మ నెత్తి కొట్టుకుంది. "ఉన్న ఒక మొండిది చాలలేదని ఇంగొకతెను తెచ్చుకున్నానే!"

కొన్నాళ్ళకు పెళ్ళి వీడియో వచ్చింది. శెట్టి మాటలు నవ్వులతో సహా ఖణీమని వినిపించాయి. గిరీశ్ ఆపబోయాడు.

"ఆపొద్దురా. ఇంగొకసారి వెయ్యి" అంది వదిన. మళ్ళీ విని, "పాపం, సాక్ష్యం ఆయప్పే చెప్పుకున్నాడు" అంది.

"కులంలో పెద్దమనిషక్కా. వదిలేస్తే పోలేదా?"

"వదిలేసేకి నేనేమన్నా పట్టుకున్నానా? నన్ను పట్టుకున్నోళ్ళు గదరా వదిలేసింది!"

దివ్యాంగుల హక్కుల చట్టాన్ని కన్నడంలో తెప్పించుకుని చదివింది. పదిమంది వచ్చే కట్టడంలోకి అందరూ పోగలిగేలా ఉండాలట. పాతవాటిని సరిచేసుకోవడానికి ఇచ్చిన గడువు కూడా దాటిపోయిందట. నలుగురి ముందు కావాలని అవమానిస్తే జైలుకు కూడా పంపవచ్చట. ఆ జైలు ముక్క చదివిన రోజు వదిన కూనిరాగం తీస్తూ పప్పు తూచింది. బెంగళూరులో కమిషనరుకు ఒక ఫిర్యాదు, ఇక్కడ పోలీసులకు ఒకటి ఇచ్చింది.

విచారణ తేలేదాకా వాడకూడదని మంటపం మేడకు తాళం వేయించారు అధికారులు. మాఘమాసం పెళ్ళిళ్ళన్నీ కోలారుకు తరలిపోయాయి, తిట్లు మాత్రం మా గుమ్మం ముందే ఉండిపోయాయి. మా వాళ్ళు మా కొట్టులో కొనడం మానేశారు. "కాళ్ళు లేకపోయినా పగకేం తక్కువ లేదు" అని ఒకావిడ వదిన చెవిన పడేలా అంది.

"కాళ్ళుంటే ఒక తన్ను తన్ని ఊరుకుందునమ్మా. లేవు గాబట్టే కేసు వేసినా" అంది వదిన.

కమిషనరు విచారణలో శెట్టి వకీలు లేచి, కట్టడం పాతది, లిఫ్టు పెట్టడం కుదరదన్నాడు. వదిన చెయ్యెత్తింది. "సార్, మాది కేజీఎఫ్, బంగారు గనుల ఊరు. మా తాతల కాలంలోనే మనుషుల్ని గనిలోకి ఇనప బోనులో మైళ్ళ లోతుకు దింపినారు, మళ్ళీ పైకి తెచ్చినారు. అదే ఊర్లో నన్ను ఒక్క మేడ ఎక్కించేకి కుదరదంట, రాసుకోండి." వకీలు కూర్చున్నాడు. లిఫ్టు పెట్టేదాకా మేడ తెరవడానికి లేదని ఆర్డరు వచ్చింది.

అప్పుడు దిగివచ్చాడు శెట్టి. ఆపిల్ బుట్ట పట్టుకుని కొట్టుకు వచ్చాడు. వదిన "రాండి మామా" అంది కానీ కూర్చోమనలేదు. కొట్టులో ఉన్నది ఒకటే కుర్చీ, అందులో తనే ఉంది మరి. వచ్చిన వాళ్ళందరికీ తూచి పంపి, అప్పుడు తల ఎత్తింది.

"నోరు జారినానమ్మా" అన్నాడు శెట్టి.

"ఇంట్లో జారింటే తుడుచుకుందును మామా. మైకులో జారినారు."

ఆయన చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయింది. జాలి పడ్డానా? లేచి ఫ్యాన్ కట్టేశాను.

"ఇప్పుడు నన్నేం చేయమంటావు, చెప్పు."

"లిఫ్టు పెట్టండి. అదే మైకులో అందరి ముందర తప్పని చెప్పండి. మా కావేరి తాడు మేడ మీద మార్చాల."

"మరి ఆ పోలీసు కేసు?"

"ముందు ఇవి కానీండి" అని వదిన మళ్ళీ రాళ్ళు ఏరుకోసాగింది.

లిఫ్టు తెరిచిన రోజు మా వాళ్ళంతా వచ్చారు, తిట్టినవాళ్ళతో సహా. వదిన అదే ఆకుపచ్చ చీర కట్టుకుంది. శెట్టి కత్తెర అందించి రిబ్బను కోయమన్నాడు. "నేను ముడి వేసేకి వచ్చినా మామా, కోసేకి కాదు. మీరే కొయ్యండి" అంది. ఆయన కోసి, మైకు తీసుకుని, "ఆ రోజు నేను... అట్ల అనింది తప్పు" అని గొణిగాడు. "వినపళ్ళే!" అని వెనక నుంచి అరిచింది నేనే. మళ్ళీ చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

వదిన, అత్త, గిరీశ్, నేను లిఫ్టులోకి వెళ్ళాం. శెట్టికి మోకాళ్ళ నొప్పులు. ఆయన కూడా లోపలికి ఒక కాలు పెట్టి, "ఇంగ కేసు వాపసు తీసుకుంటావు గదమ్మా?" అన్నాడు మెల్లగా.

వదిన బటన్ మీద వేలు పెట్టి నవ్వింది. ఏడాదిలో ఆమె నవ్వడం అదే చూశాను. "కిందనే ఉండండి మామా. అక్షింతలు కిందికి పంపిస్తాం."

ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు. తలుపు మూసుకుంది.

మేడ మీద గిరీశ్ రెండు ముళ్ళు వేశాడు. తరువాత నా మెడ వెనక వదిన వేళ్ళు తగిలాయి. రాళ్ళు ఏరి ఏరి గరుకెక్కిన వేళ్ళు. ముడి బిగించి, "ఇంగ ఎవురు లాగినా రాదు" అంది. నేను ఏడ్చేశాను. ఆమె ఏడవలేదు.

మిగిలిన అక్షింతలు కాగితంలో పొట్లం కట్టి చంద్రికను పిలిచింది. "మీ నాయనకు ఇయ్యమ్మా." చంద్రిక తల వంచుకుని మెట్లు దిగింది. కేసు వాపసు కాగితమేమోనని శెట్టి ఆత్రంగా విప్పి, ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడట. పసుపు బియ్యం తప్ప అందులో ఇంకేమీ లేదు.

వచ్చే నెల కోర్టులో వాయిదా ఉంది. ఆకుపచ్చ పట్టుచీర ఇస్త్రీకి ఇచ్చి రమ్మని వదిన నిన్న నన్ను పంపింది.