ఉతకని కుమ్మా

ఒమాన్‌లోని అల్ హైల్‌లో మా రూమ్ కింద లాండ్రీ ఉంది. పొద్దున్నే గంజిబట్టకు ఇస్త్రీపెట్టె తగలగానే లేచే వేడి వాసన మెట్లెక్కి వస్తే, ఖాసిం మామ పక్కన నిలబడ్డట్టే ఉంటుంది. కడపాయన. వయసంతా లాండ్రీల్లో అరగదీసి, చివరికి నేను పనిచేసే మ్యూజియంలో బట్టల గదికి వచ్చాడు. ఒమానీలు పెట్టుకునే గుండ్రటి కుట్టుపని టోపీని కుమ్మా అంటారు. వాటిని ఉతికి, గంజి పెట్టి, అచ్చుకు తొడిగి, అద్దాల పెట్టెలోకి సిద్ధం చేయడం ఆయన డ్యూటీ. నాకు పని నేర్పింది ఆయనే. నోరు మాత్రం మహా చెడ్డది. "బట్టను పట్టుకోమంటే పామును పట్టుకున్నట్టు పట్టుకుంటావేంది అబ్బీ!" అని అరిచేవాడు.

ఒకరోజు సముద్రం ఒడ్డున ఉన్న ఖురియాత్ ఊరి నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. ఆమె కొడుకు చేపలకు పోయి సముద్రంలోనే పోయాడు. శవం కూడా దొరకలేదు. ఇంట్లో మిగిలిన వాడి కుమ్మా, తాను కుట్టిందే, మ్యూజియానికి ఇచ్చింది. "నా తర్వాత దీన్ని చూసేవాళ్లు లేరు. జాగ్రత్త," అని మామ చేతుల్లో పెట్టింది. లాండ్రీ మనిషికి జాగ్రత్త అంటే ఒకటే అర్థం. తల్లి ఇచ్చిన వస్తువు చెమట మరకతో జనం ముందుకు పోతే తన పరువు పోయినట్టేననుకున్నాడు. ఆ సాయంత్రమే ఉతికి, మల్లెపువ్వులా చేసి పెట్టాడు.

అద్దాల పెట్టెలో పెట్టే రోజు ఆమె మళ్లీ వచ్చి, ఒక్కసారి చేతికిమ్మంది. ఇవ్వగానే ముక్కుకు ఆనించుకుంది. తిప్పి లోపలి అంచు వాసన చూసింది.

"వలదీ," అంది. నా బిడ్డ అని. "వాడు ఇందులో ఉండేవాడు. ఏడి?"

నేను మామ చెవి దగ్గరికి వంగాను. "ఇన్ని రోజులు పెట్టెలో ఉండి వాసన పోయిందని చెబుదాం మామా," అని తెలుగులో గొణిగాను.

"నోర్ముయ్ అబ్బీ."

ఆమె ఎదుట నేల మీద కూర్చుని, వచ్చీరాని అరబ్బీలో, "నేనే ఉతికినానమ్మా, ఈ చేతుల్తోనే," అని చెప్పాడు. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. టోపీని ఆయన ఒళ్లో పెట్టి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆయన నా మీద అరవడం కూడా మానేశాడు. ఎవరేం తెచ్చినా ముందు ఒకటే అడిగేవాడు, "ఉతకచ్చునా?" అని. ఇప్పుడు ఆ గది నా డ్యూటీ. ఆ మాట అడగకుండా నేను దేన్నీ తడపను.

పోయిన ఏడు మామ గుండె ఆగి రూమ్‌లోనే పోయాడు. శవాన్ని కడపకు పంపాక, సామాను కట్టేటప్పుడు రూమ్‌వాళ్లు బట్టలన్నీ బకెట్లో వేయబోయారు. మాసినవి పంపితే ఇంటివాళ్లు ఏమనుకుంటారని వాళ్ల బాధ. ఆయన నమాజు టోపీని నేను లాక్కున్నాను. చెమట జిడ్డుతోనే ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ముడేసి పంపాను.

మామ కూతురు ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను.

"అన్నా, అమ్మ ఆ కవరును ఎవర్నీ ముట్టుకోనీడంలే," అంది. "ముడి విప్పితే మీ అబ్బా పోతాడంటాంది."