డ్యాన్స్ హాలు కింద లేని స్తంభం

1982 వసంతం. మిషిగన్‌లో, ట్రాయ్ ఊరికి కాస్త ఉత్తరాన ఉన్న ఒక పాత బంగళా ఫైలు నా బల్ల మీదకి వచ్చింది. నేను స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని, అంటే కట్టడం బరువు మోస్తుందో లేదో తేల్చేదాన్ని. ఆ బంగళా పుట్టింది ఇంగ్లాండు పల్లెలో. ఒక కార్ల ఫ్యాక్టరీ యజమాని మోజుపడి కొని, విప్పించి, దూలాలకి నంబర్లు వేయించి, ఓడలో తెప్పించి ఇక్కడ మళ్ళీ నిలబెట్టాడు. ఆయన పోయాక అది ఆడపిల్లల బడి అయింది, రెండో ప్రపంచయుద్ధకాలంలో సైనికుల ఆస్పత్రి అయింది, చివరికి వయసు మళ్ళినవాళ్ళ క్లబ్బయింది.

డ్యాన్స్ హాల్లో నేల ఊగుతోందని ఊరి బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్ తాళం వేయించాడు. మా రిపోర్టూ అదే మాటంటే బంగళా కూల్చేస్తారు. క్లబ్బు నడిపే మార్గరెట్‌కి అరవై ఏళ్ళు. "శుక్రవారం డ్యాన్స్ లేకపోతే మావాళ్ళలో సగం మంది ఇల్లు కదలరు, హనీ," అంది. నా ప్రాణం ఉసూరుమంది.

గుమ్మం దగ్గర అలవాటుకొద్దీ బూట్లు విప్పేశాను. సైట్‌లో ఇంజనీరు చేయకూడని పని. మార్గరెట్ నా మేజోళ్ళ కేసి చూసి నవ్వాపుకుంది. మళ్ళీ తొడుక్కుంటే ఇంకా నామోషీ అని అలాగే నడిచాను. ఇన్‌స్పెక్టర్ ఇనప ముక్కు బూట్లతో నడిచి హాలంతా పనికిరాదన్నాడు పాపం. నా పాదాలకి మాత్రం హాలు గట్టిగానే ఉంది, కిటికీ వైపు నాలుగడుగుల మేర తప్ప. అక్కడ నేల మెత్తగా దిగుతోంది.

"దీని కింద ఏముంది?"

"బేస్‌మెంట్. చిన్నప్పుడు అక్కడ చక్రాల బూట్లేసుకుని స్కేటింగ్ చేసేవాళ్ళం. నేనీ బళ్ళోనే చదివాను."

ఇద్దరం కిందకి దిగాం. సరిగ్గా ఆ చోట, నేల మీద సిమెంటుతో పూడ్చిన చదరపు మచ్చ కనిపించింది.

"ఇక్కడ స్తంభం ఉండాలే?" అన్నాను.

మార్గరెట్ మొహం ఎర్రబడింది. "ఉండేది. స్కేటింగ్ చేస్తూ దానికి గుద్దుకుని పన్ను విరగ్గొట్టుకున్నాను. తీయించమని మా నాన్న బళ్ళో పెద్ద గొడవ చేశాడు. ఆయన్ని పోరింది నేనే." వంగి ఆ మచ్చ కేసి చూసింది. "అయితే బంగళాని కూల్చబోయింది నేనన్నమాట!"

నాకు నవ్వాగలేదు. ఆవిడకీ ఆగలేదు.

లైవ్ లోడ్, అంటే మనుషులూ వాళ్ళ గంతులూ కలిపిన బరువు, లెక్క కట్టాను. ఇన్నేళ్ళూ ఆసరా లేకుండా మోసి మోసి దూలం కుంగింది కానీ, ఒక్క ఉక్కు స్తంభం నిలబెడితే సరిపోతుందని తేలింది. స్తంభం లేచింది, సంతకం పెట్టాను, తాళం తీశారు. కానీ మొదటి శుక్రవారం నేను పైకి వెళ్ళలేదు. దూలం వెంట్రుకవాసి వంగినా చూపించే డయల్ గేజ్ బిగించుకుని బేస్‌మెంట్‌లో కూర్చున్నాను. నెత్తిమీద అరవై మంది దబదబా అడుగులు వేస్తుంటే నా గుండె వాళ్ళకంటే గట్టిగా కొట్టుకుంది. ముల్లు కాస్త వణికి ఊరుకుంది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

పాత ఇల్లు చేతులు మారినప్పుడల్లా కొత్తగా ఏం చేర్చారని అడగడం మాకు రివాజు. ఆ తర్వాత నేను మాత్రం, ఏం తీసేశారని ముందు అడిగేదాన్ని. ఆ సంగతి తెలిసినవాళ్ళు చాలాసార్లు ఆ ఇంట్లోనే ఉంటారు, ఎవరైనా అడిగితే బాగుండునని చూస్తూ, కొంచెం సిగ్గుపడుతూ.