కుర్చీ చక్రాల కింద నిమ్మకాయలు

హనుమండ్లు పనిచేసే కంపెనీలో మందు తయారు కాదు. ఈ మాట కరీంనగర్‌లో ఎవరూ నమ్మలేదు. బోర్డు మీద మందుల పరిశోధన అని రాసి ఉంది. లోపల మాత్ర లేదు, సీసా లేదు, మందుల వాసన కూడా లేదు.

ఎదురుగా చాయ్ హోటల్ నడిపే సత్తార్ కనబడినప్పుడల్లా అడిగేవాడు, మోకాలి నొప్పికి ఏమన్నా వచ్చిందా అని.

“గోలీలు లేవు సత్తార్ భాయ్. బొమ్మలే ఉన్నయి. బొమ్మ కుదిరినంక గోలీ జేస్తరట.”

“ఎప్పుడు?”

“పదిపదిహేనేండ్లు పడ్తదని మా సార్ అంటుండు.”

“అప్పటిదాంక మోకాలు ఉండాలె గద,” అంటూ సత్తార్ చాయ్ వడగట్టేవాడు.

హనుమండ్లు పుట్టింది అంజన్న గుడి ఉన్న కొండగట్టు కింది పల్లెలో. అందుకే ఆ పేరు. అరవై తొమ్మిదిలో శ్రీరాంపూర్ వైపు ఒక బొగ్గుబాయిలో పనికి కుదిరాడు. మొదట తట్ట మోశాడు. తర్వాత ఇంజను దగ్గరికి చేరాడు. ఇనుప బోనులో మనుషులను బాయిలోకి దించి, పైకి తెచ్చే ఇంజను అది. గంట మోగితే దించాలి. మళ్లీ మోగితే ఎత్తాలి. మధ్యలో సొంత ఆలోచన పనికిరాదు. ఆ పని అతనికి నచ్చింది.

ఏటా దసరాకు ఇంజను ఆపేవారు. తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, ఒక పూట దాని జోలికి ఎవరూ పోయేవారు కాదు. ఒక ఏడు సమ్మె ముగిసిన తొందరలో పూజ మానేశారు. ఆ కార్తీకంలోనే బోను నడిమధ్యన చిక్కుకుంది. లోపలివాళ్లకు ఏమీ కాలేదు. ఒకాయన కునుకు తీసి లేచాడు కూడా. పైన లివరు పట్టుకుని నిలబడ్డ హనుమండ్లు మాత్రం ఆ పూటను మరచిపోలేదు. విశ్రాంతి ఇవ్వకపోతే యంత్రం అలుగుతుందని అతనికి రూఢి అయిపోయింది.

చూపు మందగించిందని చాలా ఏళ్లకు మెడికల్ బోర్డు అతన్ని ఇంటికి పంపింది. ఉద్యోగం కొడుక్కి వచ్చింది. హనుమండ్లు భార్య సక్కుబాయిని వెంటబెట్టుకుని కరీంనగర్ చేరాడు. ఇంట్లో కూర్చుంటే ఆమె చేత మాటలు పడాలి. అందుకని పని వెతుక్కున్నాడు.

రైసుమిల్లు వాళ్ల అబ్బాయి శ్రీధర్‌రావు బొంబాయిలో రసాయన శాస్త్రం చదివి వచ్చాడు. మిల్లు వెనక గదికి చల్లని మిషన్ పెట్టించి, దుమ్ము రాకుండా తలుపులకు బట్ట కొట్టించి, మానేరు మాలిక్యూల్స్ అని పేరు రాయించాడు. గదిలో ఒక పెద్ద కంప్యూటర్. అది హైదరాబాద్‌లోని ఒక ప్రభుత్వ సంస్థ ఇచ్చింది. మలేరియా క్రిమిలో ఒక గుంత వంటి చోటు ఉందట. వేల రకాల అణువుల బొమ్మలను ఒక్కొక్కటే తెచ్చి ఆ గుంతలో కూర్చోబెట్టి చూడాలి. ఏది ఒదిగితే అది రేపటి మందు. ఇదంతా మిషన్ తనంతట తానే చేసుకుపోతుంది.

హనుమండ్లు పని కరెంటు. కరెంటు పోగానే మిషన్ బ్యాటరీల మీద కాసేపు నిలుస్తుంది. ఆలోగా జనరేటర్ అందుకోవాలి. కరీంనగర్‌లో కరెంటు ఎన్నిసార్లు పోయినా మిషన్‌కు తెలియనివ్వలేదు. ఆ సంగతి సత్తార్‌కు రోజూ చెప్పేవాడు.

తొంభై ఏడులో దసరా ముందటి అమావాస్యకు, ఎంగిలిపూల బతుకమ్మ నాడు పెద్ద లెక్క మొదలైంది. పండుగ దాటినాక హైదరాబాద్ సంస్థ నుంచి డాక్టర్ ప్రమోదిని వచ్చి చూస్తారు. లెక్క పూర్తయితే ఇంకో రెండేళ్లు సాయం చేస్తారు. కాకపోతే మిషన్ వెనక్కి పోతుంది. మిషన్ పోతే హనుమండ్లుకు మళ్లీ ఇల్లే గతి.

పండుగకు ఊరికి బయలుదేరిన శ్రీధర్‌రావు స్కూటర్‌కు సంచి కట్టుకుంటుంటే హనుమండ్లు పక్కన నిలబడ్డాడు. మిషన్‌కు పూజ చేసుకుంటానని అడిగాడు.

“చేస్కో హనుమండ్లూ. మంచిగ చేస్కో,” అని శ్రీధర్‌రావు వెళ్లిపోయాడు. డబ్బా మీద ఒక పువ్వు పెడతాడనుకున్నాడు.

నవమి పొద్దున హనుమండ్లు తలస్నానం చేసి వచ్చాడు. పొగ వస్తే మిషన్ ఎట్లా ఆపాలో శ్రీధర్‌రావు ఎప్పుడో నేర్పాడు. కరెంటు పోవడం వేరు, మర్యాదగా ఆపడం వేరు. అతను మర్యాదగానే ఆపాడు. తడిగుడ్డతో తుడిచాడు. గంధం, కుంకుమ పెట్టాడు. బంతిపూల దండ వేశాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలి కదా. మిషన్‌కు చక్రాలు లేవు. కాసేపు ఆలోచించాడు. దాని ముందున్న కుర్చీకి ఉన్నాయి. వాటి కింద పెట్టాడు.

గుమ్మం బయట గుమ్మడికాయ కొడుతుంటే సత్తార్ వచ్చి నిలబడ్డాడు. ఈద్‌కు తన హోటలూ బందే కదా, పొయ్యికైనా జర ఆరాం ఉండాలన్నాడు.

పొద్దుగూకాక మళ్లీ మిషన్ పెట్టాడు. తెర మీద నిండుగా పరుగెత్తే అంకెలు ఇప్పుడు లేవు. తేటగా ఉంది. నిద్ర లేచిన ముఖంలా ఉందని సంతోషపడ్డాడు.

దసరా మర్నాడు శ్రీధర్‌రావు వచ్చాడు. హనుమండ్లు అతని చేతిలో జమ్మి ఆకు పెట్టాడు. అలయ్ బలయ్ అని కౌగిలించుకున్నారు. శ్రీధర్‌రావు నవ్వుతూ లోపలికి పోయి కుర్చీలో కూర్చున్నాడు. కింద ఏదో చితికింది. తెర వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

“ఎప్పుడు ఆపినవ్?”

“నవమి నాడు పొద్దుగాల సార్. మాపటికి మల్ల పెట్టిన.”

“ఎందుకు ఆపినవ్?”

“పూజకు సార్. మీరే మంచిగ చేస్కొమ్మంటిరి.”

శ్రీధర్‌రావు తిట్టలేదు. లెక్క మధ్యలో ఆగితే మొదటికి వస్తుందని, మొత్తం మళ్లీ చేయాలని మెల్లగా చెప్పాడు. మేడం రేపే వస్తుందని కూడా చెప్పాడు. ఆమెకు కబురు పెట్టే వీలు లేదు, హైదరాబాద్ ఆఫీసు ఇంకా పండుగ సెలవులో ఉంది. హనుమండ్లుకు బోను నడిమధ్యన ఆగిన పూట గుర్తుకొచ్చింది. ఈసారి చిక్కింది తానే.

ఇంటికి పోయి సక్కుబాయికి చెప్పాడు. చెప్పకుండా ఉంటే బాగుండేది.

“గన్నేండ్లు మనుషులను దించినవ్, ఎక్కించినవ్. ఒక్క డబ్బ జూసుకునుడు చాతగాకపాయె,” అంది.

మర్నాడు ప్రమోదిని జీపు వచ్చింది. తెల్లజుట్టు, కాటన్ చీర, మాట తక్కువ. హనుమండ్లు ఆమె కన్నా జీపునే ముందు చూశాడు. దాని ముక్కుకు పసుపు, కుంకుమ. బంతిపూలు వాడి వేలాడుతున్నాయి.

ఆమె కూర్చోగానే శ్రీధర్‌రావు గొంతు సవరించుకున్నాడు. పండుగ రోజుల్లో కరెంటు చాలా ఇబ్బంది పెట్టిందని, ఆ కారణంగా లెక్క మధ్యలో ఆగిపోయిందని మొదలుపెట్టాడు.

గుమ్మం దగ్గర నిలబడ్డ హనుమండ్లు ఇది భరించలేకపోయాడు. ఉద్యోగం పోతే పోనీ. కరెంటు పోయిందని అనడమేమిటి.

“కరెంటు పోలే మేడం. నా చేతుల ఒక్కనాడు పోలే. నేనే ఆపిన.”

శ్రీధర్‌రావు కళ్లు మూసుకున్నాడు. ప్రమోదిని హనుమండ్లు వైపు తిరిగింది.

“పూజకా?”

“పూజకే మేడం.”

“గుమ్మడికాయ కొట్టినవా?”

“కొట్టిన. నిమ్మకాయలు గూడ పెట్టిన. కుర్చీ కింద.”

ఆమె వంగి కుర్చీ కింద చూసింది. చితికిన కాయ ఇంకా అక్కడే ఉంది. మళ్లీ సర్దుకుని కూర్చుని, హైదరాబాద్‌లో తమ సంస్థలో ఇంతకు ఎన్నో రెట్లు పెద్ద మిషన్ ఉందని చెప్పింది. అష్టమి నాడు స్టోర్ వాళ్లు దానికి దండ వేసి, గది మెయిన్ స్విచ్ ఆపేశారు. కొబ్బరికాయ కొట్టింది ఆమే. హారతి కళ్లకద్దుకున్నాక గుర్తొచ్చిందట, ఇదే లెక్క అక్కడ కూడా నడుస్తోందని. రెండు చోట్లా చేసి పోల్చి చూడాలని అనుకున్నది ఆ లెక్కే.

“మా దగ్గర ఏం లేదు శ్రీధర్. నీకెట్ల చెప్పాలె అని దారి పొడుగుత అదే ఫికరు నాకు.”

హనుమండ్లు ఒక అడుగు లోపలికి వేశాడు.

“మేడం, పూజ చేసినంక మీ మిషన్ మంచిగ నడుస్తుందా?”

“నడుస్తుంది. ఏ ఇబ్బందీ లేదు.”

“సూస్తిరా సార్,” అన్నాడు హనుమండ్లు.

కార్తీక పున్నమి దాకా గడువిచ్చి ఆమె చాయ్ తాగి వెళ్లింది. పోతూ పోతూ సత్తార్ అడిగిన ప్రశ్నకు, మోకాలి మందు తనకూ కావాలని చెప్పిందట.

లెక్క ఆ మధ్యాహ్నమే మొదటి నుంచి మొదలై, గడువులోపలే ముగిసింది. గుప్పెడు అణువులు గుంతలో ఒదిగాయి. రెండేళ్ల సాయం వచ్చింది. మందు మాత్రం రాలేదు.

తర్వాతి ఏడు శ్రీధర్‌రావు దసరా ముందటి పెత్తరమాస రాకముందే పెద్ద లెక్కలన్నీ ముగించాడు. హైదరాబాద్ సంస్థ కూడా అంతే చేసింది. నవమి పొద్దున మిషన్ ఖాళీగా, దండతో, ఒక పూట చల్లగా ఊరుకుంది. హనుమండ్లు నిమ్మకాయలు పెట్టి, కుర్చీ పట్టుకుని పక్కకు నిలబడ్డాడు. ఈసారి ఊరికి పోకుండా ఉండిపోయిన శ్రీధర్‌రావు చెప్పులు విప్పి, కుర్చీలో కూర్చుని, కాయలు చితికేలా కాళ్లతో నేలను తన్ని కుర్చీని మెల్లగా ముందుకు నడిపాడు.

ఒక కాయ చితకకుండా పక్కకు దొర్లింది. హనుమండ్లు వంగి మళ్లీ పెట్టాడు.

“ఇంకోపారి సార్,” అన్నాడు.