బోగుమీవాగారు కొట్టని పొద

బోగుమీవాగారి సంగతి ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఆవిడ వాయిదా వేస్తారు. అన్నీ కాదు లెండి. బంగాళాదుంపలు వేళకే నాటుతారు, దోసకాయలు వేళకే ఊరబెడతారు, ఇక చీవాట్లయితే ఎవరికీ బాకీ ఉంచరు. వాయిదా వేసే పని ఒకే ఒక్కటి. తన తోట అంచున ఉన్న మెలికల హేజెల్ పొదను కొట్టడం. నాలుగేళ్లపాటు వేశారు. ఆ నాలుగేళ్లూ మా ‘పొద్దుతిరుగుడు’ తోటల సంఘానికి అధ్యక్షుణ్ణి నేనే కాబట్టి ఆ వాయిదాలన్నీ నా నెత్తిమీదే పడ్డాయి.

పోలండులో మా ఊరి చివర, రైలు పట్టాల పక్కన, నూటపన్నెండు తోటలు మావి. మనిషికో తోట, తోటకో చెక్క గది, మధ్యలో గుండ్రంగా చుట్టివచ్చే దారి. ఆ దారిమీద నేను రోజూ సాయంత్రం సైకిలు పక్కన నడిపించుకుంటూ తిరుగుతాను. ఎక్కి తొక్కితే నిబంధనలు మీరినవాళ్లు కంటికి ఆనరు. అధ్యక్షుడన్నవాడు నడవాలి.

ఇక ఆ పొద. మామూలు హేజెల్ కొమ్మ బుద్ధిగా నిటారుగా పెరుగుతుంది. దీని కొమ్మ రెండంగుళాలు పైకి వెళ్లి, ఇంట్లో ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరుగుతుంది. మళ్లీ గుర్తొచ్చినట్టు పక్కకు వెళ్తుంది. అందం కోసం పెంచుకునే మొక్క. ఏడాదికి కాసే పదకొండు కాయలూ ఉడతకే చాలవు. నడుమెత్తున ఉన్నంతకాలం చూడముచ్చటగానే ఉండేది. నాలుగేళ్లు కత్తెర ముట్టుకోకపోయేసరికి రెండు నిలువుల ఎత్తు లేచి, చిక్కుపడి, దారిమీదకు వాలింది. ఆకులు రాలిన చలికాలంలో కూడా దాని వెనక ఏనుగును కట్టేసినా కనపడదు.

అంతటితో ఊరుకుందా? దారినపోయేవాళ్ల టోపీలు లాక్కోవడం మొదలుపెట్టింది. బోగుమీవాగారు రోజూ ఉదయం నిచ్చెన వేసి ఆ టోపీలు కోసుకొచ్చి, తన చెక్క గది గోడకు వరసగా కొక్కేలు కొట్టి తగిలించేవారు.

“ఎవరూ?” లోపలినుంచి అడిగేవారు, నేను నా టోపీ కోసం తలుపు తడితే.

“నేనేనండీ, హిపోలిత్‌ని.”

“మూడో కొక్కెం. వెళ్లేటప్పుడు తలుపు దగ్గరగా వెయ్యండి.”

అలాంటి పొదను చలికాలం చివర, చిగుళ్లు వేయకముందే కొట్టాలి. అంటే ఫిబ్రవరి, మార్చి. ఫిబ్రవరి రాగానే నేను సంఘం ముద్ర వేసిన కాగితం పట్టుకుని వెళ్లేవాణ్ణి.

“ఇవాళైనా కొడతారా బోగుమీవాగారూ?”

“ఇవాళా! ఇవాళ అపొలోన్యా నామదినం కదండీ. మా చిన్నాన్న కోడలు అపొలోన్యా.”

“ఆవిడ నామదినానికీ మీ పొదకూ ఏమిటండీ సంబంధం?”

“పండగపూట చెట్టుమీద రంపం పెడతారా ఎవరైనా? మీ ఇంట్లో పెడతారేమో, మా ఇంటావంటా లేదు.”

మర్నాడు వెళ్లాను. స్కొలాస్తికా నామదినం. చిన్నప్పుడు బడిలో ప్రార్థనలు నేర్పిన సన్యాసిని పేరట. పద్నాలుగో తారీకు వెళ్లాను. వాలెంతి నామదినం. పాత పోస్టుమాను.

“ఆయన పోయి ఇరవయ్యేళ్లయింది కదండీ!”

“పోయినంత మాత్రాన నామదినం కూడా తీసేసుకుంటారా? మీ సంఘంవాళ్లకు అంత జాలి లేదా?”

మా పోలండు కేలెండరులో పేరు లేని రోజు లేదు; ఆ పేరున్నవాళ్లకు ఆ రోజు పుట్టినరోజులాంటి పండగ. రోజుకు ఇద్దరో ముగ్గురో ఉంటారు, ఆవిడకు ఆ ముగ్గురూ తెలిసే ఉంటారు. ఒక ఏడాది ఫిబ్రవరి ఇరవై తొమ్మిది కోసం కాచుకుని కూర్చున్నాను. ఆ రోజుకు ఎవరిని పట్టుకొస్తారో చూద్దామని.

“నాలుగేళ్లకోసారి వచ్చే రోజు! దాన్ని రంపానికి తగలేస్తారా? లోపలికి రండి, గసగసాల కేకు చేశాను.”

పేర్లు అయిపోతే తుమ్ములు ఉండేవి. తుమ్ములు అయిపోతే చంద్రుడు ఉండేవాడు. ఆ తర్వాత పొదకు పసుపు తోకల్లాంటి పూలు వేలాడేవి, వాటిమీద తేనెటీగలు వాలేవి, “మీరే వెళ్లి వాటిని లెమ్మనండి” అనేవారు. ఈలోగా ఏప్రిల్ వచ్చి, ఆకులు వేసి, పుణ్యకాలం గడిచిపోయేది.

నాకు అంతుపట్టనిది ఒకటే. ఈవిడ ముప్పయ్యేళ్లు మునిసిపాలిటీ నర్సరీలో పనిచేసిన మనిషి. మా ఊళ్లో సగం చెట్లకు ఆవిడే మంగలి. అలాంటి మనిషికి ఇప్పుడీ చాదస్తం ఏమిటి? వయసు మీదపడింది, పాపం, అనుకున్నాను. దానికి తోడు చేతిలో వస్తువు నిలిచేది కాదు. పొద పక్కన నిలబడి మాట్లాడుతుంటే వెనకనుంచి ధడేల్‌మని చప్పుడు.

“ఏమిటది?”

“బకెట్.”

“బకెట్ ‘అమ్మో’ అందేమిటండీ?”

“పాత బకెట్టండీ. తుప్పు పట్టింది.”

వారానికి మూడుసార్లు పడేది ఆ బకెట్. ఆ దారిన వెళ్తూ అడిగినవాళ్లందరికీ అదే జవాబు. నాలాంటి బుర్రున్నవాడికి అప్పుడే తట్టాలి. తట్టలేదు. ‘సభ్యురాలికి చేతి పట్టు తగ్గింది’ అని ఫైల్లో రాసుకుని ఇంటికి పోయాను.

పొదకు అవతలి తోట బెనెదిక్త్‌గారిది. పొద పెరగడం మొదలైన ఏడాదే తీసుకున్నారు. రిటైరైన స్టేషన్ మాస్టరు. భారీ మనిషి; పాదు తవ్వినా మెడలో టై ఉండాల్సిందే. ఆయన ఎదురైతే మనకు తెలియకుండానే జేబులో టిక్కెట్టు కోసం తడుముకుంటాం. నుదుటిమీద ఎప్పుడూ ఓ ప్లాస్టరు ఉండేది. అడిగితే “గులాబీ ముల్లు” అనేవారు. ఆయన తోటలో గులాబీలు లేవు. అదీ నాకు తట్టలేదు.

మార్చి ఇరవై ఒకటిన మా సంఘమంతా వసంతానికి ఎదురు వెళ్తుంది. చలికాలం పేరుతో ఒక గడ్డిబొమ్మను కట్టి, అందరూ సైకిళ్లమీద చెరువుకు వెళ్లి, దాన్ని నీళ్లలో ముంచి వస్తారు. నేను మాత్రం బొమ్మను ఒళ్లో పెట్టుకుని బస్సులో ముందే వెళ్తాను. ఏర్పాట్లు చూడాలి కదా. పైగా సైకిలుమీద బొమ్మ నలుగుతుంది. బెనెదిక్త్‌గారు అసలు రారు. “మోకాళ్లు” అంటారు, అంతే.

గత ఏడాది ఫిబ్రవరిలో వ్యవహారం ముదిరింది. మా ఉపాధ్యక్షురాలు లెయోకాద్యాగారు ఈక పెట్టిన కొత్త ఆకుపచ్చ టోపీతో ఆ దారిన వెళ్లారు. టోపీ ఐదో కొక్కెం మీద దొరికింది, ఈక దొరకలేదు. ఆవిడ టేపు తెచ్చి పొదను కొలిచి, సాయంత్రమే సమావేశం పెట్టించారు.

“నాలుగు మీటర్ల పది సెంటీమీటర్లు! దారిమీదకు మీటరుంబావు! ఇది తోటా, అడవా? మార్చి ఇరవై ఒకటి మధ్యాహ్నం పన్నెండు లోపల పొద కొట్టకపోతే ఆవిడ తోట రద్దు. చేతులెత్తండి.”

చేతులు లేచాయి. నాదీ లేచింది. ఆ చెయ్యి గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆవిడకు ఆ తోట ముప్పై ఒక్క ఏళ్లనాటిది. కాగితం నేనే తీసుకెళ్లి ఇచ్చాను.

“తోట పోతుందండీ బోగుమీవాగారూ. ఈసారి నిజంగా పోతుంది. మీకు చేతకాకపోతే నేనే మనిషిని పంపిస్తాను, అరగంట పని.”

ఆవిడ కాగితం చదివి, మడిచి, ఏప్రన్ జేబులో పెట్టుకున్నారు. మొదటిసారి ఎవరి నామదినమూ చెప్పలేదు.

“ఇరవై ఒకటిదాకా టైముందిగా. ఆలోపు అయిపోవచ్చు. మలుపు ఒక్కటే మిగిలింది.”

“ఏం మలుపు?”

పొద వెనక ధడేల్‌మంది.

“బకెట్,” అన్నారావిడ నీరసంగా.

ఇరవై ఒకటో తారీకు వచ్చింది. పదకొండున్నరకల్లా జనమంతా సైకిళ్లతో పొద ముందు చేరారు. బస్సు వేళయింది గానీ ఏమవుతుందో చూడకుండా వెళ్లలేక నేనూ నిలబడిపోయాను, ఒక చేత్తో సైకిలు, ఇంకో చంకలో గడ్డిబొమ్మ. లెయోకాద్యాగారు ఒక చేత్తో టేపు, ఇంకో చేత్తో గడియారం పట్టుకున్నారు. బోగుమీవాగారు రంపం పట్టుకుని పొద పక్కన నిలబడ్డారు, కొయ్యడం మాత్రం లేదు.

“చెప్పండి బోగుమీవాగారూ,” అన్నారు లెయోకాద్యాగారు, “ఇవాళ ఎవరి నామదినం?”

“బెనెదిక్త్.”

“చాలా బాగుంది! అంటే ఇవాళా కొయ్యరన్నమాట.”

“కోస్తానండీ. ఒక్క నిమిషం ఆగండి.” పొదవైపు తిరిగి, మెల్లగా అడిగారు: “అయిందా?”

“అయింది,” అంది పొద, బొంగురు గొంతుతో. “తొయ్యకండి. నేనే వస్తున్నా.”

జనం నోళ్లు వెళ్లబెట్టారు. ట్రింగ్‌మని గంట మోగింది. పక్క గేటులోంచి స్టేషన్ మాస్టరు టోపీ, మెడలో టై, దాని కింద సైకిలు బయటకు వచ్చాయి. బెనెదిక్త్‌గారు! సైకిలు కుడికి ఒరిగింది, ఎడమకు ఒరిగింది, వణుకుతూ మలుపు తిరిగి, నిలదొక్కుకుంది.

“నమస్కారం లెయోకాద్యాగారూ! చెయ్యి తియ్యలేను, టోపీ తీశాననుకోండి!”

ఆ మాట పూర్తవకముందే పొద ఆయన టోపీ తీసేసుకుంది. ఆయన ఆగలేదు. గుండ్రటి దారిచుట్టూ ఒక రౌండు కొట్టి మళ్లీ వచ్చారు. “శభాష్!” అన్నాం. ఇంకో రౌండు వేసి వచ్చారు. “భలే!” అన్నాం. మూడోసారి వచ్చేసరికి మొహం ఎర్రబడింది.

“ఆపండి బెనెదిక్త్‌గారూ! బ్రేకు వెయ్యండి!”

“ఆ పాఠం ఇంకా కాలేదండీ!”

ధడేల్! బోగుమీవాగారి ఎరువుకుప్పలో చక్రాలు పైకి తేలాయి.

“బకెట్!” అన్నాం నూటపన్నెండు తోటలవాళ్లమూ ఒక్కసారిగా. అప్పటికి తట్టింది నాకు.

బెనెదిక్త్‌గారు జుట్టులో ఉల్లిపొట్టుతో లేచి, టై సర్దుకున్నారు. “తోట తీసుకున్న మొదటి వారమే మొదలుపెట్టాను. మొదటిరోజే పడ్డాను. నలభయ్యేళ్లు రైళ్లను వేళకు నడిపినవాణ్ణి, సైకిలు రాదని చెప్పుకోవడానికి సిగ్గు. ఈవిడ చూశారు. నవ్వలేదు. ‘నేను పొద పెంచుతాను, మీరు పడండి’ అన్నారు. మొదటి ఏడాది పడటం నేర్చుకున్నాను, రెండో ఏడాది కూర్చోవడం, మూడో ఏడాది తిన్నగా వెళ్లడం. దానివల్ల ఈవిడ తోటకే ముప్పు వచ్చిందని ఈమధ్యే తెలిసింది. కొట్టెయ్యమని బతిమాలాను, వింటేనా!”

బోగుమీవాగారు అప్పటికే పొదలో దూరారు. ఆహా, ఏం పనితనం! మొదట మొదలునుంచి నిటారుగా పొడుచుకొచ్చిన పిలకలన్నీ పీకేశారు. తర్వాత ముదురు కొమ్మలు ఒక్కొక్కటే, అంటు కట్టినచోటికి పైన, మోకాలెత్తున, ఏటవాలుగా కోసేశారు. పన్నెండుకు రెండు నిమిషాలుండగా రంపం కింద పెట్టారు. లెయోకాద్యాగారు అలవాటుకొద్దీ కొలిచారు. నలభై ఐదు సెంటీమీటర్లు. కొమ్మల్లో చిక్కుకున్న తన ఈక దొరికితే, అది టోపీలో గుచ్చుకుని, ముక్కు చీదుకుని, మెలికల కొమ్మలు వసంతం అలంకారంగా అందరి సైకిళ్లకూ కట్టడం మొదలుపెట్టారు.

“నామదినంపూట రంపం పెట్టారేం?” అని అడిగాను నేను.

“ఆయనకు ఇదే కానుకండీ. ఇంక దాక్కోనక్కర్లేదు.”

బెనెదిక్త్‌గారు చెరువుదాకా సైకిలుమీదే వెళ్లారు. ఒకపక్క లెయోకాద్యాగారు, ఇంకోపక్క మరొకరు. ఆగాల్సిన చోటల్లా ఇద్దరూ చెరో రెక్క పట్టుకుని ఆపారట.

‘ఆపారట’ అన్నాను, ఎందుకంటే నేను చూడలేదు. అందరూ వెళ్లిపోయాక దారిమీద మిగిలింది నేను, నా సైకిలు, గడ్డిబొమ్మ.

“బస్సు వెళ్లిపోయిందండీ హిపోలిత్‌గారూ,” అన్నారు బోగుమీవాగారు.

“నడుస్తాను.”

“సైకిలుందిగా?”

“బొమ్మ నలుగుతుంది.”

ఆవిడ నన్ను చూశారు. సైకిలును చూశారు. సీటుమీద వేలితో గీత గీసి, వేలికంటిన దుమ్మును చూశారు. నేను ఆకాశంలోకి చూశాను.

“ఇలా మోకాలిదాకా కొడితే భలే బలంగా లేస్తుంది,” అన్నారావిడ, ఎవరితోనో అన్నట్టు. “మనిషిని దాచాలంటే మూడేళ్లు పట్టొచ్చు. అందాకా నా గది వెనక జాగా ఉంది. మెత్తటి నేల.”

ఈ ఏడాది ఫిబ్రవరి తొమ్మిదిన లెయోకాద్యాగారు టేపుతో వచ్చారు. పొద అప్పుడే నడుమెత్తుకు వచ్చింది.

“ఇప్పుడే కాస్త కత్తిరించి అదుపులో పెడితే మంచిదేమో. ఏమంటారు అధ్యక్షులుగారూ?”

“ఇవాళెలా కుదురుతుందండీ?” అన్నాను. “అపొలోన్యా నామదినం.”

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. “నుదుటికి ఆ ప్లాస్టరేమిటి?”

“బకెట్,” అన్నాను.