పైడమ్మకి పడని సూది

ఈ మాట నలభై ఏళ్లుగా నా గొంతులో ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. మా ఆయనకు చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కనక మీకు చెబుతున్నాను.

ఎనభైల మొదట్లో జంషెడ్‌పూర్‌లో తెలుగు బడిలో చదివేదాన్ని. అక్కడి పర్సుడీహ్ పేటలో మా పక్కిల్లే పైడమ్మది. ఇద్దరం ఒకే క్లాసు. దానికి కీళ్ల జ్వరం వచ్చి తగ్గింది. మళ్లీ రాకుండా మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది పడాలని, లేకపోతే గుండె చెడుతుందని డాక్టరు చెప్పాడు. జబ్బు పిల్లల కోసం మా సైన్సు మిస్ బడిలో ఒక ఏర్పాటు చేసింది. బిష్టుపూర్ బజారులో మందుల షాపువాణ్ని బతిమాలి మందులు తెచ్చేది. పోయిన పాఠాలు సాయంత్రాలు కూర్చోబెట్టి చెప్పేది. పైడమ్మను డిస్పెన్సరీకి తీసుకెళ్లే పని నాకు అప్పగించింది. సూదంటే దానికి చచ్చేంత భయం. చెయ్యి పట్టి లాక్కెళ్లే మనిషి కావాలి. ఆ మనిషిని నేను.

కొన్నాళ్లు సరిగ్గానే తీసుకెళ్లాను. తరవాత బడిలో ఖో-ఖో జట్టు కడతామన్నారు. ప్రాక్టీసు శనివారం మధ్యాహ్నాలు. సూదీ శనివారమే. మొదటిసారి ఎగ్గొట్టినప్పుడు పైడమ్మ సంబరపడింది. మిస్ ఇచ్చి పంపిన మందు సీసా కాలవలో పారేశాను. వేయించానని మిస్‌తో చెప్పాను. అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని అప్పటిదాకా నాకే తెలియదు.

రెండోసారి, జట్టును ఎంచే రోజు. పైడమ్మ తనంతట తనే నా దగ్గరికి వచ్చింది.

"ఒలే, ఈయాల ఎల్దామే. మోకాళ్లు పీకతన్నాయి."

"ఈయాల సెలక్షనే. ఇంకోపాలి ఎల్దాం."

"బయమేత్తందే. నాను ఏడవనే, ఒట్టు."

"సెప్తన్నాను కదే. ఇంటికెల్లి తొంగో. మిస్ అడిగితే ఏయించీసినామను."

పైడమ్మ కుంటుతూ వెళ్లిపోయింది. ఆ కుంటడం నేను చూశాను. చిన్నపిల్లవి, గుండె సంగతి నీకేం తెలుసు అని నాకు నేను ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో. తెలుసు. మిస్ నాకు విడమరిచి చెప్పింది. తెలిసే పరిగెత్తాను, ఆ రోజు నన్ను ఎవరూ అందుకోలేకపోయారు, జట్టులోకి తీసుకున్నారు, ఇంటికొచ్చేదాకా పైడమ్మ గుర్తుకే రాలేదు.

ఆ తరవాత కొద్దిరోజులకే దానికి జ్వరం తిరగబెట్టింది. ఆస్పత్రి మంచం దగ్గర వాళ్లమ్మ, మిస్, నేను. సూదులు పడుతుంటే ఇలా ఎందుకవుతుందని డాక్టరు హిందీలో మిస్‌ని నిలదీశాడు. మిస్ నావైపు తిరిగింది.

"ప్రతిసారీ వేయించావు కదమ్మా?"

పైడమ్మ నన్నే చూస్తోంది. వేయించానన్నాను. అది ఒక్క మాట అంటే చాలు. అనలేదు. కళ్లు మూసుకుంది. నా మీద ప్రేమా? అబద్ధంలో తనకూ భాగముందన్న భయమా? నేనే చెబుతానని ఎదురుచూసిందా?

మిస్ డిస్పెన్సరీలో కాంపౌండరుని అడగనైనా లేదు. నా మీద అంత నమ్మకం. షాపువాడు పాడైన మందు ఇచ్చి ఉంటాడనుకున్నారు. బడి మీదికి వస్తుందని హెడ్మాస్టరు ఏర్పాటు మొత్తం ఆపేశాడు. ఉబ్బసం ఉన్న చిన్న క్లాసు పిల్లలకు కూడా మందులు ఆగిపోయాయి. మిస్, తప్పంతా తనదేనని, పైడమ్మ తల్లి చేతులు పట్టుకుని ఏడ్చింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

పైడమ్మకు గుండె కవాటం చెడింది. బడి మెట్లెక్కలేక చదువు మానేసింది. పెళ్లయ్యాక, మొదటి కానుపులో పోయింది. కబురు వినగానే ముందు నాకు కలిగింది నిశ్చింత. ఇంక ఎవరికీ తెలియదని. ఏడుపు ఆ తరవాత వచ్చింది. అన్నిటికన్నా ఇది చెప్పడమే నాకు కష్టంగా ఉంది.

ఇప్పుడు మిస్ కూడా లేదు. క్షమించమని ఎవర్ని అడగను? ఉన్నా ఏ మొహంతో అడుగుతాను? మందు మంచిదే. షాపువాడూ మంచివాడే. సూది వేయించనిది నేను. ఇంత చిన్న మాటకు ఇన్నేళ్లు పట్టింది.  ఇప్పుడు ఊపిరి ఆడుతోంది.