ఎటు చదివినా ఒకటే

ఆ కంటి ఆసుపత్రిలో రోగుల వివరాలు దాచి, వాళ్లకి మెసేజ్‌లు పంపే డేటాబేస్ సర్వర్ చూసుకునే ఆయన్ని అందరూ తారీఖుగారనే పిలుస్తారు. కళ్లజోడు నుదుటి మీదే ఉంటుంది, దానికోసం గదంతా వెతుకుతాడు. పాల ప్యాకెట్ మీద తేదీలో ముందున్నది రోజా, నెలా అని తేల్చుకోందే టీ తాగడు. కొత్త సర్వర్ పెట్టినప్పుడల్లా తన పెళ్లిరోజు తేదీ కొట్టి సరిచూసుకోవడం ఆయన అలవాటు. ఈసారీ కొట్టాడు, సరిగ్గానే వచ్చింది, నిశ్చింతగా ఇంటికెళ్లాడు. వారం తిరక్కుండానే, జూన్ ఐదున రావాల్సిన పెద్దావిడ మే ఆరునే సంచీ సర్దుకుని ఆపరేషన్‌కి దిగిపోయింది. "మీరే కదయ్యా మెసేజ్ పంపారు!" అంటూ ఫోన్ చూపించింది. 5/6లో మొదటి అంకెని సర్వర్ నెల అనుకుంది. తారీఖుగారు పరుగున సర్వర్ దగ్గరికెళ్లాడు. సెట్టింగ్ మార్చి, తారుమారైన తేదీలన్నీ ఏరి, సాయంత్రం దాకా ఒక్కొక్కరికీ తనే ఫోన్ చేసి బతిమాలుకున్నాడు. ఎలాగూ వచ్చారు కదా అని పెద్దావిడకి మాత్రం డాక్టరు ఆ వారమే ఆపరేషన్ చేసేశారు. "నెల ముందే చూపొచ్చింది. ఇలాగే తప్పులు చేస్తూ చల్లగా ఉండు నాయనా" అని దీవించి వెళ్లింది.

ఇంట్లో గోడు వెళ్లబోసుకుంటే భార్య పడీ పడీ నవ్వింది. "మన పెళ్లి ఏడో నెల ఏడో తారీఖున కదండీ! ఎటు చదివినా ఒకటే. దాంతో ఏం తేలుతుంది?" ఆయన కళ్లజోడు జారి ముక్కుమీదకొచ్చింది. అప్పట్నుంచి సర్వర్‌లో ఆవిడ పుట్టినరోజు కొడుతున్నాడు, ఇరవై మూడో తారీఖు. ఇరవై మూడో నెలంటూ లేదు గనక, ఏ కాస్త తేడా వచ్చినా సర్వర్ సర్దుకుపోదు. అక్కడికక్కడే గొడవ పెట్టేస్తుంది, అచ్చం ఆవిడలాగే.